టైమ్‌టేబుల్ లేని బండికి టైములు రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

షేర్ ఆటోల రూట్లన్నీ మ్యాపులోకి ఎక్కిస్తానని రాశావు, సంతోషం. యాప్ సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు నెల రోజులు ఆ బళ్లలో తిరుగు. 2012లో కెన్యాలోని నైరోబీలో డిజిటల్ మటాటూస్ అనే ప్రాజెక్టు వాళ్లు చేసిందీ ఇదే (మటాటూ అంటే అక్కడి షేర్ మినీబస్సు). విద్యార్థులు ఫోన్లు పట్టుకుని మటాటూలెక్కి, ఆగిన చోటల్లా ఫోన్లో నమోదు చేసుకున్నారు. 130కి పైగా రూట్లు అలా తేలాయి, 2015లో గూగుల్ మ్యాప్స్‌లోకీ ఎక్కాయి.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతా. మొదటిసారి జీటీఎఫ్ఎస్ (రూట్లు, స్టాపులు, టైములు మ్యాపు యాప్‌లకు అందించే పద్ధతి) ఫైలు తయారుచేస్తూ, గడులు ఖాళీగా ఉంటే మనసొప్పక 8:10, 8:20 అని టైములు నింపేశాను. బండేమో నిండితే గానీ కదలదాయె! వారం తిరక్కుండానే ఒకాయన నిలదీశాడు: "మీ 8:20 బండి ఏదండీ?" నా దగ్గర జవాబు లేదు. నువ్వలా చేయకు. జీటీఎఫ్ఎస్‌లోనే ఫ్రీక్వెన్సీస్ అని ఒక ఫైలుంటుంది. పొద్దున 7 నుంచి 10 దాకా సుమారు 600 సెకన్లకో బండి అని అందులో రాసి, ఎగ్జాక్ట్ టైమ్స్ అనే గడిలో 0 పెట్టు. ఆ టైములు కచ్చితం కావని దానర్థం. చెయ్యెత్తితే ఆగే బళ్లయితే కంటిన్యువస్ పికప్ అనే గడిలో కూడా 0 పెట్టాలి. అక్కడ మాత్రం 0 అంటే దారిలో ఎక్కడైనా ఎక్కొచ్చని! ఖాళీగా వదిలేస్తే స్టాపులో తప్ప ఎక్కడానికి లేదని. ఎవరు పెట్టారో గానీ, తికమక లెక్క.

స్టాపు పేరు జనం నోట్లో ఉన్నదే రాయి. టాకీసు ఎప్పుడో పడగొట్టినా, అందరూ "పాత టాకీసు" అంటే అదే స్టాపు పేరు. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ పోయి, స్టాపు రోడ్డుకు అవతలి వైపు పడుతుంటుంది. ఇంటికొచ్చాక సరిచూసుకో.

డ్రైవర్లు "ఇదంతా ఎవరి కోసం?" అని అడిగి తీరతారు. ఫైన్లు వేయడానికేమోనని వాళ్ల భయం, అందులో తప్పేం లేదు. బండి నంబర్లు, పేర్లు అసలు రాసుకోకు. స్టాండులో పెద్దమనిషితో ముందే మాట్లాడి, గీసిన మ్యాపు మొదట వాళ్లకే చూపించు. నీ తప్పులు వాళ్లు పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు.

స్టాపులు, రూట్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపులో, పెట్టు, ఎవరైనా వాడుకుంటారు. గూగుల్ మ్యాప్ చూసి మాత్రం అందులోకి ఎక్కించకు, లైసెన్సు ఒప్పుకోదు. రూట్లు మారుతుంటాయి గనక, ఆరు నెలలకోసారి మళ్లీ ఎవరు తిరిగి చూస్తారో ఇప్పుడే అనుకోండి.

మొదటి రూటు పూర్తికాగానే ఫైలు పంపు. స్టాపులు ఎదురు వైపు పడ్డాయేమో నేనూ ఒకసారి చూసి పెడతాను.