కాపలా కాయాల్సింది అక్క కాదు

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర ఉంటాం. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 12 ఏళ్లు, ఏడో తరగతి. బాబుకు 8 ఏళ్లు, మూడో తరగతి. మావారికి సైకిల్ తొక్కడమంటే ఇష్టం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సైకిల్ ట్రాక్‌కు ఆదివారం పొద్దున్నే అందరం వెళ్తాం. నాకు సైకిల్ రాదు కాబట్టి టిఫిన్ డబ్బాలు పెట్టుకుని మొదట్లోనే కూర్చుంటాను. బాబుకు హుషారెక్కువ, ఒక్క క్షణం కుదురుగా ఉండడు. పిట్ట కనిపించినా, హారన్ వినిపించినా తల తిప్పేస్తాడు. తలతో పాటే హ్యాండిలూ తిరుగుతుంది. అందుకని తమ్ముడిని చూసుకుంటూ వెనకాలే రమ్మని అమ్మాయికి చెబుతాం. మావారు ముందు వెళ్తారు. రెండు వారాల క్రితం వాడు ఉన్నట్టుండి కుడివైపు తిరిగి, ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన సైకిల్‌ను గుద్దాడు. ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. మావారు వెనక్కి వచ్చి అమ్మాయిని అందరి ముందూ గట్టిగా కోప్పడ్డారు. పదేళ్లు నిండేదాకా వాడికి సైకిల్ మాన్పించమని అత్తగారు అంటున్నారు. అక్క సైకిల్‌కు వాడి సైకిల్‌ను తగిలించే పరికరం కొందామని మావారు అంటున్నారు. ఏది మంచిది? వాడికి ఏదైనా జబ్బు ఉందంటారా? ఇవి చాలవన్నట్టు ఈ మధ్య అమ్మాయి కూడా ఆదివారం వచ్చేసరికి కడుపునొప్పి అని పడుకుంటోంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటిలో ఏదీ మంచిది కాదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి సైకిల్ మాన్పిస్తే ఆ హుషారంతా ఇంట్లో సోఫాల మీద, గోడల మీద చూపిస్తాడు. ఆ పరికరమైతే అసలే వద్దు. అలాంటివి పెద్దవాళ్ల సైకిల్‌కు పిల్లల సైకిల్‌ను తగిలించడానికి తయారుచేసినవి. పన్నెండేళ్ల పిల్ల తన బరువుకు తోడు తమ్ముడి బరువునూ, వాడి ఊగులాటనూ ఎలా కాసుకుంటుంది? ఈసారి పడితే ఇద్దరూ కలిసే పడతారు.

మీ ఉత్తరం దాదాపు అంతా బాబు గురించే. అమ్మాయి వయసు చెప్పారు, తరగతి చెప్పారు, చేయాల్సిన పని చెప్పారు, తిన్న తిట్లు చెప్పారు. చివర్లో కడుపునొప్పి సంగతి, అదీ మీకు ఇంకో తలనొప్పి వచ్చిపడినట్టు. నాకు మీ బాబు గురించి పెద్దగా బెంగ లేదు. బెంగంతా ఆ అమ్మాయి గురించే.

ఒక్కసారి ఆ పిల్ల సీటు మీద కూర్చుని చూడండి. ఆ ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లు. అందులోనే పోయేవాళ్లు, వచ్చేవాళ్లు. తమ్ముడి వెనక చక్రం మీద ఒక కన్ను, ఎదురుగా వచ్చే సైకిళ్ల మీద ఒక కన్ను, రెండు చేతులూ బ్రేకుల మీద. వాడు తల తిప్పినప్పుడల్లా ‘ఒరేయ్, ముందు చూడు’ అని అరవాలి. నాన్న వీపు దూరంగా కనిపిస్తూ ఉంటుంది. అరగంట ఇలా నడిపితే పెద్దవాళ్లే అలసిపోతారు. తన అరుపు విని వాడు సర్దుకున్న సందర్భాలు ఎన్నో ఉండి ఉంటాయి. అవి ఎవరి కంటా పడలేదు. ఒక్కసారి తప్పిపోయేసరికి మాత్రం ముక్కూమొహం తెలియని వాళ్లందరి ముందూ దోషిగా నిలబడింది.

కాపలా ఉద్యోగం ఆ పిల్ల అడగలేదు. మీరిద్దరూ పెట్టారు. మన ఇళ్లలో ఇది తరతరాలుగా ఉన్నదే. ఆడపిల్ల మొదట పుడితే తన తర్వాత పుట్టినవాడికి సగం తల్లి అయిపోతుంది. అన్నం తినిపించడం, బడి బస్సు ఎక్కించడం, హోంవర్క్ చేయించడం, వాడు పెన్సిల్ డబ్బా పారేసుకుంటే ‘నువ్వు చూడలేదా’ అనిపించుకోవడం. అక్కాతమ్ముళ్ల ప్రేమ గొప్ప సంపద, కాదనను. ప్రేమ ఉన్న అక్క తమ్ముడు పడితే తనంతట తానే పరిగెత్తి లేపుతుంది. వాడు పడితే శిక్ష నాకే అని భయపడే అక్కకు కొన్నాళ్లకు తమ్ముడంటేనే విసుగు పుడుతుంది. మీ కళ్ల ముందే ఆ ప్రేమను మీ చేతులతోనే విరుస్తున్నారు.

కడుపునొప్పి నాటకం అనుకోకండి. పిల్లలకు భయం, అవమానం చాలాసార్లు కడుపులోనే తెలుస్తాయి. నొప్పి నిజంగానే ఉంటుంది. పైగా వయసు పన్నెండు, నెలసరి మొదలయ్యే వయసు కాబట్టి మిగతా రోజుల్లోనూ నొప్పి ఉంటే డాక్టరుకు చూపించండి. ఒక్క ఆదివారమే వస్తోందంటే కారణం మీకు తెలిసిందే.

ఇక మీవారి సంగతి. సెలవు రోజు తెల్లవారకముందే లేచి పిల్లల్ని బయటికి తీసుకెళ్లే తండ్రి అంటే నాకు గౌరవమే. కానీ ఆయన ముందు దూసుకుపోతూ తన వ్యాయామం తాను చేసుకుంటున్నారు, దానికే పిల్లలతో షికారు అని పేరు పెట్టుకున్నారు. రెండూ ఒకేసారి కుదరవు. వ్యాయామం కోసం శనివారం ఒంటరిగా వెళ్లమనండి, ట్రాక్ ఉన్నంత దూరం తొక్కిరమ్మనండి. ఆదివారం మాత్రం బాబు ముందు ఉండాలి, ఆయన వాడి వెనక, కాస్త కుడివైపుకు ఉండాలి. మనం ఎడమవైపు నడుపుతాం, ఎదురు సైకిళ్లు వచ్చేది కుడి నుంచి. వాడు అటు తిరిగితే తండ్రి చక్రం అడ్డు ఉండాలి, తండ్రి గొంతు చెవి దగ్గర ఉండాలి. ముందు వెళ్లేవాడికి వెనకాల పిల్లవాడు ఏం చేస్తున్నాడో ఎలా తెలుస్తుంది?

తల తిప్పితే హ్యాండిల్ తిరగడం కొత్తగా సైకిల్ నేర్చుకున్న పిల్లల్లో సర్వసాధారణం. అది అలవాటు చేయించాల్సిన విద్య. అపార్ట్‌మెంట్ సెల్లారులో సాయంత్రం బళ్లు లేని చోట సుద్దముక్కతో పొడవుగా ఒక గీత గీయండి. వాడు గీత మీద తొక్కుతుంటే మీవారు వెనక నిలబడి వేళ్లు చూపించి ‘ఎన్ని?’ అని అడగాలి. భుజం మీదుగా వెనక్కి చూసి చెప్పాలి, చక్రం గీత దాటకూడదు. వాడికి అది ఆటలా ఉంటుంది, పది నిమిషాలు చాలు. ‘ఆగు’ అన్న ఒక్క మాటకు బ్రేకు పట్టడం కూడా అక్కడే నేర్పాలి. సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతున్నాయా, ఆ చిన్న వేళ్లకు బ్రేకు అందుతోందా అన్నదీ చూసుకోండి. ఎదుగుతాడులే అని పెద్ద సైకిల్ కొనడం మనకు అలవాటు, ఈ పిల్లవాడి విషయంలో ఆ పొదుపు పనికిరాదు. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ట్రాక్ మీదికి వెళ్లాక దూరం లెక్క మరిచిపోండి. పైన సౌర పలకలను మోసే స్తంభాలు వరసగా ఉన్నాయి కదా. ‘పది స్తంభాలు దాటాక ఆగుదాం’ అనండి. లెక్కపెట్టుకుంటూ తొక్కుతాడు. ఆగాక సైకిల్‌ను పక్కకు తీసి ఆ పిట్టనో, అటు పోయే లారీనో తనివితీరా చూడనివ్వండి. చూడడం వాడి నేరం కాదు, తొక్కుతూ చూడడమే ప్రమాదం. ఆ పద్ధతిలో రెండు మూడు కిలోమీటర్లు వెళ్లినా వాడి వయసుకు ఎక్కువే. అత్తగారి మాటలో ఒక్క నిజం ఉంది. ఈ వయసు పిల్లలకు ఎదురుగా వచ్చే బండి వేగం సరిగా అంచనాకు రాదు. కాబట్టి ఇంటి నుంచి ట్రాక్ దాకా రోడ్డు మీద వాడితో తొక్కించకండి, నడిపించండి, లేదా సైకిల్‌ను బండిలో వేసుకెళ్లండి.

జబ్బు ఉందా అని అడిగారు. ఉత్తరం చూసి అలాంటి ముద్ర వేయడం తప్పు, నేను వేయను. ముందు క్లాస్ టీచరును కలవండి. ఇంట్లోనూ బడిలోనూ ఇదే తీరు ఆరు నెలలకు మించి ఉండి, చదువుకూ స్నేహాలకూ అడ్డం పడుతుంటే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. దీనికి రక్తపరీక్ష, స్కానింగ్ లాంటివి ఉండవు. మీతో, టీచరుతో, బాబుతో వివరంగా మాట్లాడే తేలుస్తారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఒకవేళ ఏకాగ్రత లోపమని తేలినా దానికి వైద్యం ఉంది. ఆ వైద్యంలో అక్క కాపలా భాగం కాదు.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది ఒకటుంది. మీవారు అమ్మాయిని కూర్చోబెట్టుకుని, ‘ఆ రోజు తప్పు నాదమ్మా, వాడిని చూసుకోవడం నా పని, నిన్ను అనకూడదు’ అని చెప్పాలి. చాటుగా కాదు. తిట్టింది పదిమంది ముందు కాబట్టి కనీసం మీ ముందు, తమ్ముడి ముందు, నాయనమ్మ ముందు చెప్పాలి. కన్నకూతురికి క్షమాపణ చెబితే తండ్రి చులకనైపోతాడనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇంట్లో దక్కని మర్యాద ఆడపిల్ల రేపు బయట ఎలా అడుగుతుంది? ఆ రోజు అమ్మాయిని అంటుంటే మీరేం చేశారో ఉత్తరంలో రాయలేదు. మీరూ మాట్లాడాలి. ఆయనతో విడిగా కాదు, అమ్మాయితోనే.

తర్వాత ఆదివారం వస్తావా అని ఆమెనే అడగండి. రానంటే, ‘మరి తమ్ముడిని ఎవరు చూస్తారు’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. వస్తానంటే ముందుకు తన వేగంతో తొక్కనివ్వండి. ఎక్కడ ఆగి కలుసుకోవాలో చెప్పండి, చాలు. ఆ పిల్లకు గాలి తగిలేలా తొక్కడమంటే ఎంత ఇష్టమో అప్పుడు మీకే తెలుస్తుంది.

వాడి వెనక ఇంకో మనిషి కావాలంటే ఆ మనిషి మీరే కావాలి, టిఫిన్ డబ్బాల దగ్గర కాదు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక సైకిల్ నేర్చుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. సెల్లారు ఉంది, ఆ సుద్దగీత కూడా ఉంటుంది. నేర్పమని మీవారిని అడగండి, ఆ పని కూడా అమ్మాయికి అప్పగించకండి.