ప్యాకింగ్ టేబుల్ మీద పాస్‌వర్డ్ వద్దు

అమ్మాయీ,

నీ మంగళగిరి చీరల సైటుకి ఆర్డర్లు పెరిగాయని, పటమటలో గది తీసుకుని ప్యాకింగ్‌కి ఇద్దరిని పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పింది, నీ లాగిన్, పాస్‌వర్డ్ ఒక అట్టముక్క మీద రాసి టేబుల్‌కి అంటించావట, ఓటీపీ కావాల్సి వస్తే వాళ్లు నీకు ఫోన్ చేస్తారట. ఆ అట్ట ఈ రోజే పీకేసి పాస్‌వర్డ్ మార్చెయ్. మిగతాది తీరిగ్గా చదువు.

ఆ పిల్లలు మంచివాళ్లు కాదని నేననడం లేదు. ఒకే లాగిన్ మీద ముగ్గురు పనిచేస్తుంటే రేపు ఎవరికో రీఫండ్ పోయినా, కస్టమర్ల నంబర్లు బయటికి పొక్కినా అది ఎవరి పనో తేలదు, అనుమానం మాత్రం ముందు జీతానికి వచ్చినవాళ్ల మీదే పడుతుంది. ఎవరి లాగిన్ వాళ్లకుండి, అందులో డబ్బు జోలికి వెళ్లే దారే లేకపోతే వాళ్లని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఈ మాట వాళ్లని కూర్చోబెట్టి చెప్పు, అస్సలు నొచ్చుకోరు.

ముందు ప్యాకింగ్ మనిషికి ఏం తెలియాలో రాసుకో. ఆర్డర్ నంబరు, ఏ చీర, ఏ రంగు, ఎన్ని, బ్లౌజ్ పీస్ ఉందా లేదా, పేరు, అడ్రస్, పిన్‌కోడ్. అంతే! ఆ చీర కొన్నావిడ ఇదివరకు ఎన్నిసార్లు కొన్నదీ, యూపీఐలో కట్టిందా కార్డుతో కట్టిందా, మెయిల్ ఐడీ ఏంటి, ఇవేవీ కవరు అంటించడానికి అక్కర్లేదు. ఫోన్ నంబరు కొరియర్ లేబుల్ మీద ఎలాగూ ఉంటుంది అంటావేమో, నిజమే, కానీ ఒక్కో లేబుల్ మీద ఒక్కో నంబరు కనపడటం వేరు, మొత్తం కస్టమర్ల లిస్టు ఒక్క క్లిక్కుతో ఎక్సెల్‌లోకి దిగిపోవడం వేరు. ఎక్స్‌పోర్ట్ బటన్ నీ దగ్గర మాత్రమే ఉంచుకున్నా సగం టెన్షన్ తగ్గుతుంది. ఎందుకంటే ఇప్పుడు మోసగాళ్లు, "మీ చీర పార్సిల్ మా దగ్గరే ఉంది, అడ్రస్ సరిపోలేదు, ఈ లింకులో ఐదు రూపాయలు కట్టండి" అని ఫోన్ చేస్తున్నారు, చీర రంగుతో సహా చెబితే ఎవరు నమ్మరు చెప్పు? ఎప్పుడైనా మీ కస్టమర్‌కి అలా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమను, ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం.

ఇక అసలు సంగతి. నీ సైటు వూకామర్స్ అనే ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది కదా, అందులో ఎవరు ఏమేం చేయొచ్చో తేల్చే రోల్స్ ఉంటాయి, 'షాప్ మేనేజర్' వాటిలో ఒకటి, పేరు చూసి చాలామంది స్టాఫ్‌కి అదే ఇచ్చేస్తారు. దాంతో ధరలు మార్చొచ్చు, కూపన్లు పెట్టొచ్చు, సేల్స్ రిపోర్టులు, సెట్టింగులు అన్నీ చూడొచ్చు. సరే, ఆర్డర్లు మాత్రమే కనపడేలా వేరే రోల్ తయారుచేసుకుందాం అనుకుంటావు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. వూకామర్స్‌లో ఆర్డర్లు చూడటానికీ, రీఫండ్ చేయడానికీ ఒకటే అనుమతి, 'ఎడిట్ షాప్ ఆర్డర్స్' అని. అది ఇచ్చావంటే రీఫండ్ బటన్ కూడా చేతికిచ్చినట్టే. కాబట్టి మీ సైటు చేసిన అబ్బాయితో ఆ రోల్‌కి రీఫండ్ పూర్తిగా బ్లాక్ చేయించు. బటన్ కనపడకుండా దాచేస్తే చాలదు, సర్వర్ దగ్గరే ఆగాలి, గట్టిగా అడుగు. షాపిఫై అనే ఇంకో షాపు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, అక్కడ రీఫండ్, ఎక్స్‌పోర్ట్ అనుమతులకి వేరువేరుగా టిక్కు పెట్టొచ్చు.

అంతా అయ్యాక నువ్వే ఆ స్టాఫ్ లాగిన్‌తో ఇన్‌కాగ్నిటో విండోలో వెళ్లి చూడు. రీఫండ్ అవుతుందా, కస్టమర్ల పేజీ లింకు నేరుగా టైప్ చేస్తే తెరుచుకుంటుందా అని. కొరియర్ ప్యానెల్, అంటే కొరియర్ వాళ్ల సైటులో నీ అకౌంట్, దాని సంగతి మర్చిపోకు, అదే పేర్లు, అదే నంబర్లు, పైగా సీఓడీ (పార్సిల్ అందాక కట్టే) డబ్బుల లెక్క కూడా అందులోనే ఉంటుంది. లేబుళ్లు నువ్వే ప్రింట్ తీసి ఇవ్వు, అది కుదరకపోతే అక్కడ కూడా వాళ్లకి వేరే యూజర్ పెట్టు.

ఓటీపీ ఫోన్లో చెప్పే అలవాటు చాలా చెడ్డది. రోజూ చెప్పీ చెప్పీ, ఏదో పని ఒత్తిడిలో ఉండగా ఎవడో అడిగితే వాడికి కూడా చెప్పేస్తావు. వాళ్ల అకౌంట్లకి వాళ్ల ఫోన్లలోనే లాగిన్ కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టించు.

ఆర్డర్ల స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో వేస్తున్నావా? వేస్తుంటే అది కూడా మానెయ్. మనిషి ఉద్యోగం మానేశాక గ్రూపులోంచి తీసేస్తావు గానీ ఆ ఫోటోలు వాళ్ల గ్యాలరీలో, గూగుల్ బ్యాకప్‌లో అలాగే ఉంటాయి. దాని బదులు ధర, మెయిల్ లేకుండా ప్యాకింగ్ స్లిప్పులు ప్రింట్ తీసే ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టుకో. దసరాకో సంక్రాంతికో పదిరోజుల కోసం వచ్చేవాళ్లకైతే లాగినే వద్దు, ఆ స్లిప్పుల కట్ట చేతికిస్తే చాలు.

ఎవరైనా మానేస్తే ఆ సాయంత్రమే వాళ్ల యూజర్ పేజీలో 'లాగ్ అవుట్ ఎవ్రీవేర్' నొక్కి, పాస్‌వర్డ్ మార్చి, రోల్ తీసెయ్. అకౌంట్ మాత్రం డిలీట్ చేయకు, పాత ఆర్డర్ల మీద ఎవరు ఏం చేశారో ఎప్పుడైనా చూసుకోవాల్సి రావచ్చు.

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, జనం వివరాలకు తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని ఉంది. మన చిన్న షాపులకి అంత వేస్తారని కాదు, వివరాలు తీసుకున్నాక వాటి పూచీ మనదే అని చట్టమే చెబుతోంది.

ఇంకొకటి, తప్పుగా ప్రింటైన లేబుళ్లు అట్టపెట్టెలతో పాటు పాతపేపర్లవాడికి వేసేస్తుంటారు. వాటిమీద కూడా పేరు, ఇల్లు, నంబరు అన్నీ ఉంటాయి, చింపి ముక్కలు చేసి పారేయమను. ఆదివారం నేను గుంటూరులో ఇంట్లోనే ఉంటాను, రోల్ సెట్ చేసేటప్పుడు వీడియో కాల్ చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బాబాయ్