జెడ్డా పోవాల్సిన డ్రమ్ములు దమ్మామ్‌లో దిగాయి

ఎక్కడో ఒక మూల యుద్ధం జరిగితే దేశాల పొత్తులు, ప్రపంచ బలాబలాలు నిజంగా మారతాయా, లేక ఇదంతా టీవీ చర్చల హడావుడేనా అని అడిగారు. నేను విదేశాంగ నిపుణుణ్ణి కాదు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసుకుంటాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ (సరుకు ఓడకెక్కిందనే రసీదు), రోజంతా ఇదే పని. మారతాయనే అంటాను, ఎందుకంటే ఆ మార్పు నాకు మొదట కనబడింది ఒక ఫ్రైట్ బిల్లులో.

తోతాపురి గుజ్జు జూన్, జులైల్లో తీసి డ్రమ్ముల్లో నింపి పెట్టుకుంటాం, ఏడాది పొడవునా పంపుతుంటాం. ఇరవై అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు పడతాయి. రంజాన్‌కు గల్ఫ్‌లో జ్యూసు అమ్మకాలు ఎక్కువ కాబట్టి అక్కడి కంపెనీలకు సరుకు ముందే చేరిపోవాలి. 2024లో రంజాన్ మార్చి రెండో వారంలో మొదలైంది. ఆ లెక్కన జెడ్డాకు నాలుగు కంటైనర్లు చెన్నై హార్బర్‌కు తోలాం, సీఐఎఫ్ రేటు మీద, అంటే ఓడ బాడుగ, ఇన్సూరెన్సు మా నెత్తినే.

అంతకు ముందే, 2023 నవంబర్ 19న, యెమెన్‌లో ఇరాన్ అండ ఉన్న సాయుధ దళం హూతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడ మీద హెలికాప్టర్‌లోంచి దిగి దాన్ని పట్టుకుపోయారు. గాజా మీద దాడులు ఆగేదాకా ఇజ్రాయెల్‌తో సంబంధం ఉన్న ఓడల్ని ఎర్రసముద్రంలో పోనివ్వం అన్నారు. అప్పుడు అది మాకు వార్త మాత్రమే. డిసెంబర్ మధ్యకల్లా పెద్ద షిప్పింగ్ లైన్లు ఒక్కొక్కటే ఆ దారి మానేశాయి. యూరప్ పోయే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి, పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ. మా జెడ్డా సరుకు సంగతి చెన్నై ఏజెంటు ఫోన్‌లో చెప్పాడు: "సార్, దమ్మామ్‌లో దింపుతారంట, అక్కణ్ణుంచి లారీలో." మ్యాప్ చూశాను. సౌదీకి దమ్మామ్ ఈ పక్క గల్ఫ్ తీరంలో, జెడ్డా ఆ పక్క ఎర్రసముద్రం తీరంలో, మధ్యలో పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. బిల్లులో వార్ రిస్క్ సర్‌ఛార్జ్ అని కొత్తగా ఒక లైను చేరింది. మా ఓనరు ఆ కాగితం రెండుసార్లు చదివి, "యుద్ధం వాళ్లది, సర్‌ఛార్జ్ మనదా" అన్నాడు. (యెమెన్ వాళ్లు కూడా మన గుజ్జు బాగానే కొంటారు. ఓడల మీద రాకెట్లు వేసేవాళ్లు కూడా చిత్తూరు మామిడి జ్యూసే తాగుతున్నారేమో అని ఆఫీసులో నవ్వుకున్నాం.)

సరే, పొత్తుల సంగతి. అప్పటిదాకా నా అంచనా ఏంటంటే అమెరికా రంగంలోకి దిగుతుంది, దాని దోస్తులంతా వెనక నిలబడతారు, నెలలో దారి తెరుచుకుంటుంది అని. 2023 డిసెంబర్‌లో అమెరికా నౌకాదళ కూటమి ప్రకటిస్తే, అరబ్ దేశాల్లో బహిరంగంగా చేరింది ఒక్క బహ్రెయిన్. 2015 నుంచి హూతీలతో నేరుగా యుద్ధం చేసిన సౌదీ నోరు మెదపలేదు. ఎందుకు మెదుపుతుంది? 2023 మార్చిలోనే బీజింగ్‌లో కూర్చుని ఇరాన్‌తో రాజీ చేసుకుంది, హూతీలతో కూడా బయటపడే దారి వెతుక్కుంటోంది. యూరోపియన్ యూనియన్ 2024 ఫిబ్రవరిలో తన నౌకల్ని తానే వేరుగా పంపింది. మన నేవీ కూడా ఆ కూటమిలో చేరకుండా అరేబియా సముద్రంలో తన ఓడలు తాను దించింది. చైనా, రష్యా ఓడలకు భయం లేదని హూతీలే చెప్పారు.

2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ మీద క్షిపణి పడింది. బ్రిటన్‌తో సంబంధం ఉన్న ఓడ, అందులో ఉన్నది రష్యా నాఫ్తా (ఒక పెట్రోలియం సరుకు), సిబ్బందిలో 22 మంది మనవాళ్లు, మంటలు ఆర్పడానికి వెళ్లినవాటిలో మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం కూడా ఉంది. ఇందులో ఎవరు ఎవరి పక్షమో మీరే చెప్పండి.

నాకు అర్థమైంది ఇది: యుద్ధం వచ్చినప్పుడు పొత్తు తెగిపోయినట్టు ఎవరూ ప్రకటించరు, ఎవరి సరుకు వాళ్లు చూసుకుంటారు, అంతే. మంట పక్కింట్లో ఉంటే మాత్రం వేరు. రష్యాతో పొడవాటి సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ ఉక్రెయిన్ యుద్ధం చూసి 2023లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో చేరింది, స్వీడన్ 2024లో. దూరంగా ఉన్నవాళ్లకు బేరం ఆడుకునే వెసులుబాటు ఉంటుంది. మనం రష్యా ముడి చమురు కొన్నది అలాగే. ఆ బేరానికీ బిల్లు వచ్చింది లెండి, 2025 ఆగస్టులో అమెరికా అదనంగా వేసిన 25 శాతం సుంకం రూపంలో.

బలం లెక్క కూడా మారింది. హూతీల చవక డ్రోన్లను కూల్చడానికి అమెరికా లక్షల డాలర్ల క్షిపణులు వాడాల్సొచ్చింది. అసలు యుద్ధంలో లేని ఈజిప్టుకు, ఆ ఎర్రసముద్రం దారిలోనే ఉన్న సూయెజ్ కాలువ రాబడి 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటితే, మరుసటి ఏడు నాలుగు వందల కోట్ల దగ్గరికి పడిపోయింది. చివరికి 2025 మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా హూతీలతో ఒప్పందం చేసుకుంది, మీరు మా ఓడల జోలికి రావద్దు, మేమూ దాడులు ఆపుతాం అని. ఇజ్రాయెల్ ఆ ఒప్పందంలో లేదు. అమెరికాకు ఇజ్రాయెల్ కంటే దగ్గరి దోస్తు ఎవరున్నారు అక్కడ? జులైలో హూతీలు మళ్లీ రెండు ఓడల్ని, మ్యాజిక్ సీస్‌ను, ఎటర్నిటీ సీని, ముంచేశారు.

మా నాలుగు కంటైనర్లు రంజాన్ మొదలైన తరవాత చేరాయి. కొన్నాయన రేటు తగ్గించమన్నాడు, తగ్గించాం. ఆ తరవాత నుంచి మేము ఎఫ్‌ఓబీ (ఓడ బాడుగ, ఇన్సూరెన్సు కొన్నవాళ్ల నెత్తిన) తప్ప సీఐఎఫ్ ఒప్పుకోవడం లేదు.

2025 సీజన్‌లో తోతాపురి ధర ఎంత పడిపోయిందో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు కదా. అదంతా యుద్ధం వల్లే అని నేననను, కాపు విపరీతంగా ఉంది, పాత గుజ్జు నిల్వలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో మా గేటు బయట ట్రాక్టర్ల క్యూలో బంగారుపాళ్యం నుంచి వచ్చిన మా మామ కూడా రెండు రాత్రులు పడుకున్నాడు. నేను టీ తీసుకెళితే గ్లాసు అందుకుంటూ అడిగాడు, "ఏం అల్లుడా, ఆ ఓడలు ఇంగా చుట్టు తిరుక్కొనే పోతాండాయా?"

పోతున్నాయి మామా అన్నాను. టీ తాగి మళ్లీ ట్రాక్టర్ కింద టవల్ పరుచుకున్నాడు.