పల్లెటూరి పబ్‌లో గేమ్ మాంసం: మొదటిసారి ఏం ఆర్డర్ చేయాలి?

నవంబర్ మధ్యలో ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా యార్క్‌షైర్‌లో ఒక పల్లెటూరి పబ్‌కి తీసుకెళ్తున్నారు, మెనూలో సగం గేమ్ (అంటే వేటాడి తెచ్చిన) మాంసమే, ఎప్పుడూ తినలేదు, ఏం ఆర్డర్ చేయాలి, మా ఆవిడకి ఐదో నెల, తను తినొచ్చా అని అడిగారు కదండీ. మేం లీడ్స్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఏటా చలి మొదలవగానే నిడర్‌డేల్ వైపు వెళ్ళి రెండు మూడు సార్లైనా తింటాం కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు మీ ఆవిడ సంగతి. తనకి గేమ్ పిట్టలు వద్దు. వాటిని చాలావరకు సీసపు గుళ్ళతో కొడతారు, గుళ్ళు తీసేసినా సీసం మాంసంలో కలిసిపోయి ఉంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు తినకపోవడమే మంచిదని ఇక్కడి ఆరోగ్య శాఖ కూడా చెప్తుంది. మామూలు చేపో, బాగా ఉడికిన లాంబ్ వంటకమో ప్రతి పబ్‌లోనూ ఉంటుంది, అది చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇక మీ సంగతి. మన దగ్గర వేట మాంసం అంటే మేకపోతే, ఇక్కడ గేమ్ అంటే నిజంగానే వేటాడి తెచ్చింది. అందుకే దేనికి ఏ నెలో చట్టమే చెప్తుంది. గ్రౌస్ అనే కొండ పిట్ట ఆగస్టు 12న మొదలై డిసెంబర్ 10తో అయిపోతుంది. పార్ట్రిడ్జ్, అంటే మన కౌజు పిట్ట లాంటిది, సెప్టెంబర్ 1 నుంచి. ఫెజెంట్ అనే పెద్ద పిట్ట అక్టోబర్ 1 నుంచి. ఈ రెండూ ఫిబ్రవరి 1 వరకు ఉంటాయి. జింకలకు జాతిని బట్టి, ఆడా మగా బట్టి నెలలు మారతాయి, ఆడవాటి సీజన్ నవంబర్ 1న తెరుస్తారు. అంటే మీరు వెళ్ళే సమయానికి దాదాపు అన్నీ దొరుకుతాయి, చిక్కల్లా ఏది ఎంచుకోవాలన్నదే.

నా మాట వినండి, మొదటిసారే గ్రౌస్ జోలికి వెళ్ళకండి. నేను చేసిన తప్పు అదే. అందరూ గొప్పగా చెప్తున్నారని ఆగస్టు చివర్లో వెళ్ళి అదే చెప్పాను. అది ఫారంలో పెంచే పిట్ట కాదు, కొండల మీద హీథర్ అనే పొద చిగుళ్ళు తిని బతుకుతుంది, మాంసం ముదురు ఎరుపు, లివర్‌కి దగ్గరగా ఉండే ఘాటైన రుచి. లోపల గులాబీ రంగులో ఉండేసరికి నాకు టెన్షన్ వచ్చి, బాగా కాల్చి తెమ్మని వెనక్కి పంపాను. అది చెక్కలా గట్టిపడి, చేదెక్కి వచ్చింది. అంత ఖరీదు పెట్టి సగం వదిలేశాను. మరుసటి ఏడాది వాళ్ళు వండినట్టే, బ్రెడ్ సాస్‌తో తిన్నాను, అప్పుడు అర్థమైంది దాని గొప్పతనం. లవంగం, ఉల్లిపాయ వేసి కాచిన పాలలో రొట్టె పొడి కలిపి చేస్తారు ఆ సాస్, చూడ్డానికి ఉప్మా జారుగా అయినట్టుంటుంది కానీ ఆ ఘాటుని భలే అణుస్తుంది.

మీరు వెనిసన్ క్యాసరోల్‌తో మొదలుపెట్టండి. జింక మాంసాన్ని రెడ్ వైన్‌లో, క్యారెట్లు, జూనిపర్ గింజలు వేసి గంటల తరబడి సన్నసెగ మీద ఉడికిస్తారు, ముక్క స్పూనుతో విడిపోతుంది, మన మటన్ పులుసు తినే నోటికి వెంటనే నచ్చుతుంది. వైన్ పడకపోతే ముందే అడగండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం నేరం కాబట్టి తినాలంటే మొదట్లో నాకూ మనసొప్పలేదు. ఇక్కడ వాటిని వేటాడే తోడేళ్ళు లేవు, మందలు పెరిగిపోయి అడవిలో లేత మొక్కని నిలవనివ్వవు, అందుకే కొన్నిటిని కాల్చక తప్పదని తెలిశాక ఆ ఇబ్బంది తగ్గింది.

ఫెజెంట్ రుచి నాటుకోడికి దగ్గర, కానీ కొవ్వు తక్కువ, రోస్ట్ చేస్తే రొమ్ము ముక్క పీచుగా ఎండిపోతుంది. రోస్ట్ కాకుండా, పిండి పొర కప్పి బేక్ చేసే పై (pie) రూపంలోనో, గ్రేవీతోనో ఉంటే తీసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టం పార్ట్రిడ్జ్. మూడేళ్ళ కిందట నాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. మనిషికో పిట్ట, రొమ్ము మీద బేకన్ పరిచి రోస్ట్ చేసి, కింద క్యాబేజీ వేసి తెచ్చారు. నాన్న కాసేపు కత్తి, ఫోర్కుతో కుస్తీ పట్టి, పక్కన పెట్టేసి చేత్తో మొదలుపెట్టారు. పల్నాడులో తన చిన్నప్పుడు, అరవైల్లో, వేటగాళ్ళు కౌజు పిట్టల్ని బుట్టల్లో తెచ్చి గుమ్మం ముందు దించేవాళ్ళట, నాయనమ్మ మిరియాలు దంచి వేపుడు చేసేదట. ఆ మాటలు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. చెప్తూ చెప్తూ ఆగి, నోట్లోంచి ఆవగింజకన్నా కాస్త పెద్ద నల్లటి గుండు తీసి ప్లేటు అంచున పెట్టి, "అప్పట్లో వలేసి పట్టేవాళ్ళురా, ఇవి ఉండేవి కావు" అన్నారు. కాబట్టి పిట్ట ఏదైనా మెల్లగా నమలండి, గట్టిగా కొరికితే పన్ను విరుగుతుంది.

వెళ్ళే ముందు పబ్‌కి ఫోన్ చేసి ఈ వారం ఏం వచ్చిందని అడగండి, అచ్చు మెనూ కంటే గోడ మీద బోర్డు మీద రాసిందే తాజాది. చాలా చోట్ల మధ్యాహ్నం రెండున్నరకల్లా కిచెన్ కట్టేస్తారు, ఆ తర్వాత వెళ్తే చిప్స్ కూడా దొరకవు. కారు నడిపేవాళ్ళు తాగకుండా ఉండటం మంచిది. ఆ నెలలో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది, ఆ ఇరుకు దారుల్లో ఫెజెంట్లు కారు చప్పుడు విని కూడా పక్కకి పోవు, సరాసరి చక్రాల ముందుకే పరిగెడతాయి.