చీటీలు పంచే ముందు ఈ అత్త మాట విను

అమ్మలూ,

నువ్వు వాలంటీర్‌గా విదేశాలకి వెళ్తున్నావనీ, వెళ్లిన ప్రతిచోటా జపమాలని తలా కొంచెం పంచుకుని చెప్పే సజీవ జపమాల గుంపులు పెట్టిస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్ట్ కాపీలు రెండు చోట్ల దాచుకో. బయట మతం గురించి మాట్లాడితే కేసు పెట్టే దేశాలున్నాయి, అక్కడి రూల్స్ ముందే కనుక్కో. ఏ ఊరెళ్లినా మొదట అక్కడి చర్చి ఫాదర్‌ని, అదే విచారణ గురువుని కలువు, ఆయన సరే అన్నాకే నోరు విప్పు. రాత్రిపూట ప్రార్థన కూటమని ఎవరు పిలిచినా ఒక్కదానివే వెళ్లకు. జపమాల పట్టుకున్న ప్రతివాడూ మంచివాడు కాడే తల్లీ, ఈ ముక్క రెండుసార్లు చదువు.

ఇక అసలు సంగతి. 1996లో నేనూ ఇదే పని మీద వెళ్లాను. జపమాల చెప్తూ ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలే దేవ రహస్యాలు; వాటిలో వెలుగు దేవ రహస్యాలు ఐదూ 2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు చేర్చినవి కదా, అప్పటికి మావి పదిహేను చీటీలే. మనిషికో చీటీ, చీటీకో రహస్యం, రోజుకి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం, అంతా కలిస్తే రోజూ ఒక నిండు జపమాల. పౌలిన్ జరికో అనే ఆవిడ 1826లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మొదలుపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఇదే. నెల తిరగ్గానే చీటీలు మార్చుకోవాలి, దానికి గుంపుకొక పెద్ద ఉండాలి.

నేను ఆ పెద్దని పెట్టలేదు. ఆదివారం పూజ అవగానే గుడి గుమ్మం దగ్గర నిలబడి పదిహేనూ పంచేశాను, డైరీలో "ఇంకో గుంపు" అని రాసుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. ఎంత గర్వమో! అలా ఎన్ని ఊళ్లు తిరిగానో చెప్పుకోవడానికి తెగ సరదాగా ఉండేది.

2005లో అదే గుడికి మళ్లీ వెళ్లాను. ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి, ప్రార్థన పుస్తకంలోంచి చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించింది, మీద నా చేతిరాతే. ముళ్ల కిరీటం. మిగతా పద్నాలుగు మందీ ఎప్పుడో మానేశారట, ఈవిడకి ఆ సంగతే తెలియదు. తొమ్మిదేళ్లు రోజూ ఆ ఒక్క రహస్యమే ధ్యానించింది. కోపంగా కూడా లేదు, చెయ్యి చాపి "ఈ నెల మారుస్తారా?" అని అడిగిందంతే. నా దగ్గర చీటీల్లేవు. బస్ టికెట్ వెనకాల "పునరుత్థానం" అని రాసిచ్చాను, చేతులు వణికి అక్షరాలు వంకర పోయాయి. తర్వాత గుళ్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను, అది ఈ రోజు వరకూ మీ మామయ్యకి కూడా చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, పది ఊళ్లు వద్దు, రెండు చాలు. ఉన్నచోట నెలైనా ఉండి, మొదటిసారి చీటీలు మార్చడం నీ కళ్లతో చూసి కదులు. గుంపుకి పెద్దగా ఉండటానికి ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్ తీసుకో. ఫొటోలు పెట్టాలనుకుంటే ముందు వాళ్లని అడుగు. భాష రాకపోతే సిగ్గుపడకు, నీ జపం నీ భాషలో చెప్పు, పూసలు లెక్క తప్పవు.

సరిగ్గా తిను, చిక్కిపోయి వస్తే ఊరుకోను. నీ ఇరవై చీటీల్లో ఒకదాని మీద నా పేరు రాయి, ముళ్ల కిరీటమే ఇవ్వు. వచ్చే నెల మార్చడం మర్చిపోయావో, అర్ధరాత్రైనా ఫోన్ చేసి తిడతా.

మీ అత్త