కోతకు ముందే కొలత

మేనల్లుడికి ఆశీస్సులు.

చైన్‌సా కొన్నావని, పడిపోయిన చెట్టును కట్టెలుగా కోయబోతున్నావని రాశావు. ముక్కలన్నీ ఒకే పొడుగు రావాలంటే ఎలాగని అడిగావు. మంచి ప్రశ్న అడిగావురా. రంపం ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు గానీ, కొలత సంగతి ఎవరూ పట్టించుకోరు. పేర్చిన కట్టెలు పక్కకి ఒరిగిపోయినప్పుడో, ముక్క పొయ్యిలో పట్టక పొయ్యి తలుపు పడనప్పుడో గుర్తొస్తుంది.

అన్నిటికన్నా ముందు ఈ సంగతి మనసులో పెట్టుకో. కొలవడం వేరు, కోయడం వేరు. రెండూ కలిపి చెయ్యకు. దుంగ ఈ చివర నుంచి ఆ చివరదాకా గుర్తులు పెట్టడం అయిపోయాకే రంపం స్టార్ట్ చెయ్యి. ఆడుతున్న రంపాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో టేపు లాగేవాళ్లను చూశాను, నాకు గుండె ఆగినంత పనయింది. చైన్‌సా ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకోవాల్సిన పనిముట్టు. గుర్తుకోసం దుంగకు మేకులు కొట్టడం కూడా వద్దు, చైను తగిలితే పళ్లు పోతాయి, మేకు ఎగిరొస్తుంది.

ఇక ఎంత పొడుగు అంటావా, అది పొయ్యిని అడగాలి. కట్టె పొయ్యిలో ఏ దిక్కున పడుకుంటుందో చూసుకుని, ఆ దిక్కున లోపలి కొలత తీసుకో. అందులోంచి మూడు అంగుళాలు తగ్గించు. లోపల 19 అంగుళాలుంటే నీ కట్టె 16. ఆ మూడు అంగుళాలు గాలి ఆడటానికీ, కాస్త వంకర ముక్క పడినా పట్టడానికీ. వేరేవాళ్లకు ఇచ్చే కట్టెలైతే వాళ్ల పొయ్యి కొలత ముందే కనుక్కో. 16 అంగుళాల కొలత చాలా పొయ్యిలకు సరిపోతుంది. అమెరికా, కెనడాల్లో కట్టెలను ‘కార్డ్’ అనే కొలతలో అమ్ముతారు, ఆ లెక్కకూ అది అతుకుతుంది: 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు కలిపి 128 ఘనపుటడుగులు. ఆ 4 అడుగుల వెడల్పులో 16 అంగుళాల వరసలు సరిగ్గా మూడు పడతాయి.

పచ్చికట్టె ఎండితే పొట్టిదవుతుందని ముందే ఓ అంగుళం ఎక్కువ వేస్తుంటారు కొందరు. అక్కర్లేదు. కట్టె అడ్డంగా కుంచించుకుపోతుంది, చివర్లు బీటలు వారతాయి. పొడుగు మాత్రం 0.1 నుంచి 0.2 శాతం మించి తగ్గదు. 16 అంగుళాల ముక్కకి అది ఒక మిల్లీమీటరు కూడా కాదు. పచ్చిగా ఎంత కోస్తే ఎండాక అంతే అనుకో.

టేపు పక్కన పెట్టి ఒక కొలకర్ర చేసుకో. వేలి లావున, తిన్నగా, తేలిగ్గా ఉండాలి. టేపుతో ఒక్కసారి జాగ్రత్తగా కొలిచి, కావలసిన పొడుక్కి కోసి, సగం దగ్గర ఒక గీత పెట్టు. ఎర్రరంగో నారింజరంగో పూయి. రంపప్పొట్టులో పడినా కనిపిస్తుంది, కట్టెల్లో కలిసిపోయి పొయ్యిలోకి పోదు. టేపులో అంకె తప్పు చదవొచ్చు. కొలకర్రలో చదవడానికి ఏముంది? దుంగ మొదట ఆనించడం, గుర్తు పెట్టడం, జరపడం. అంతే.

గుర్తు దేనితో పెట్టాలనేది బెరడును బట్టి ఉంటుంది. ఆరిన నున్నటి బెరడైతే సుద్దముక్క చాలు. తడి బెరడు మీద సుద్ద నిలవదు, మైనం క్రేయానో స్ప్రే రంగో కావాలి. బెరడు మరీ గరుకుగా ఉంటే గొడ్డలితో చిన్న గాటు పెట్టు. కోసేటప్పుడు నువ్వు నిలబడే చోటి నుంచి కనిపించేలా ఉండాలి గుర్తు. దుంగను దొర్లించే పని ఉంటే గీతను సగం చుట్టూ తిప్పు. చెట్టు కొట్టిన చివర ఏటవాలుగా ఉందనుకో, ముందు దాన్ని తిన్నగా సరిచేసి అక్కణ్ణుంచి కొలువు. వంకర చివర నుంచి మొదలెట్టాల్సే వస్తే పొడుగు వైపు కొలువు. పొయ్యిలో అడ్డుపడేది ఆ వైపే.

కొలకర్ర తీసుకుని వెంటనే గీతలు పెట్టెయ్యకు. దుంగ మొత్తం పొడుగు ఎంతో చూడు. పది అడుగుల దుంగ, అంటే 120 అంగుళాలు. 16 చొప్పున కోసుకుంటూ పోతే ఏడు ముక్కలొచ్చి, చివర 8 అంగుళాల మొద్దు మిగులుతుంది. అది పేర్పులో నిలవదు, ఎక్కడ పెట్టినా దొర్లిపోతుంది. అదే దుంగను 15 చొప్పున గీస్తే ఎనిమిది ముక్కలు, వృథా ఏమీ లేదు. ఒక అంగుళం తగ్గితే మంటకేమీ లోటు రాదు, పెరిగితేనే చిక్కు. కాబట్టి సర్దుబాటు ఎప్పుడూ తగ్గే వైపే చెయ్యి. చెట్టును పెద్ద దుంగలుగా కోసేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే ఇంకా మేలు. 8 అడుగుల దుంగ అంటే 96 అంగుళాలు, ఆరు ముక్కలు సరిగ్గా.

చైను కూడా కొంత కట్టెను తినేస్తుందని మరిచిపోకు. ఒక్కో కోతకు సుమారు 7, 8 మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది. ఒక్క ముక్కకి అది లెక్కలోది కాదు. కానీ ఒకసారి గీతకు ఇటువైపు, ఇంకోసారి అటువైపు కోస్తే పక్కపక్క ముక్కల్లోనే తేడా కనిపిస్తుంది. గీత మీద కోస్తే అన్నీ గీత మీదే కోయి.

ముడి దగ్గరా, పంగ దగ్గరా మాత్రం కొలకర్ర మాట వినకు. పంగ ముక్క మధ్యలో పడిందంటే గొడ్డలికి లొంగదు. గీతను జరిపి, పంగ ఉన్న ముక్కను వీలైనంత పొట్టిగా ఉంచు. అలాంటి ముక్కల పొడుగు తేడా వచ్చినా ఫరవాలేదు.

రంపం బార్‌నే, అంటే చైను చుట్టూ తిరిగే ఆ పొడుగాటి పలకనే, కొలబద్దగా అడ్డంగా పెట్టి చూసుకునేవాళ్లున్నారు. నాకు ఇష్టం లేదు. బార్ ముక్కు పైభాగం కట్టెకు తగిలినప్పుడు చైను తిరుగుతుంటే రంపం ఒక్కసారిగా మీదికి తన్నుతుంది. చైను తిరగకుండా ఆపే చైన్ బ్రేక్ వేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది నిజమే, ప్రతి కోతకూ తప్పకుండా వేస్తావన్న నమ్మకం నాకు లేదు. అయస్కాంతంతో రంపానికి అంటించుకునే కొలత కడ్డీలు కూడా వస్తున్నాయి. ఒంటరి దుంగల మీద బాగానే పనికొస్తాయి, కొమ్మల్లో చిక్కుకుంటాయి.

సన్న కొమ్మలను ఒక్కొక్కటీ కొలుస్తూ కూర్చోకు. రెండు వైపులా నిలువు గుంజలున్న స్టాండులో వాటిని గుత్తిగా పేర్చి, చివర్లు ఒక వరసలో సర్ది, తాడుతో బిగించు. స్టాండుకే కొలత గుర్తులుంటే గుత్తి మొత్తం ఒక్క కోతలో తెగుతుంది.

నేల మీద పడున్న దుంగనైతే అన్ని గీతల దగ్గరా మూడింట రెండు వంతులు కోసి, రంపం ఆపి, గడ్డపారతో దొర్లించి మిగతాది పైనుంచి కోయి. చైను మట్టిని తాకిందా, పదును పోయినట్టే. రెండు చివర్లూ ఆనుకుని మధ్య గాల్లో ఉంటే, పైనుంచి మూడో వంతు కోసి మిగతాది కిందనుంచి కోయాలి. లేకపోతే బార్ ఇరుక్కుంటుంది. ఒక చివర గాల్లో వేలాడుతుంటే అందుకు తిరగేసి: ముందు కింద, తర్వాత పైన. తలకి హెల్మెట్, కళ్లకి అద్దాలు, చెవులకి మూతలు, కాళ్లకి చైన్‌సా కవచం లేకుండా దుంగ దగ్గరికి పోవద్దు. మీ అమ్మ మీద ఒట్టు.

గీత సరిగ్గా పెట్టినా కోత ఒక పక్కకి వంకర పోతుంటే తప్పు కొలతది కాదు. చైనుకు ఒకవైపు పళ్లు పదునుగా, ఇంకోవైపు మొద్దుగా ఉన్నాయన్నమాట. ఆపి సానపట్టు. ఏటవాలుగా తెగిన ముక్క నిలబడదు, నిలబడని ముక్కను గొడ్డలితో చీల్చడం కష్టం.

పెట్రోలు నింపడానికి ఆపిన ప్రతిసారీ అప్పటిదాకా కోసిన వాటిలో రెండు మూడు ముక్కల పక్కన కొలకర్ర పెట్టి చూడు. తేడా కనిపిస్తే అక్కడే సరిచేసుకోవచ్చు. పొట్టి మొద్దులను విడిగా ఒక బుట్టలో వెయ్యి, మంట రాజుకున్నాక వెయ్యడానికి పనికొస్తాయి. పొయ్యి లోపలి కొలత తీశాక నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ దుంగ పొడుగు కూడా చెబితే గీతల లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

నీ మామయ్య