గిటారుతో బృందగానం పాడించబోయే మేనకోడలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

స్వరకర్త కాస్తెల్నువో-తెదెస్కో గిటారుకూ బృందగానానికీ రాసిన 'రొమాన్సెరో హితానో' పాడిస్తానన్నావు, మంచి ఎంపికే. ఆయనది ఇటలీలోని ఫ్లోరెన్స్. 1951లో అమెరికాలో ఉండగా రాసిన ఈ ఏడు భాగాలకు మాటలు మాత్రం స్పానిష్ కవి లోర్కావి. అదే పేరుతో లోర్కాకు 1928 నాటి పుస్తకం ఒకటుంది, అందులో వెతక్కు. ఈ కవితలు 1931లో వచ్చిన 'పోయెమా దెల్ కాంతె హోందో'లోవి.

ముందు మందిని తగ్గించు. సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల హెచ్చు, తగ్గు గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల హెచ్చు, తగ్గు గొంతులు), ఒక్కో వరసకు నలుగురు చాలు. నలభై మందిని నిలబెడితే గిటారు కనిపిస్తుందే గానీ వినిపించదు. గిటారిస్టును మూలకు తోసేయకుండా అర్ధచంద్రాకారంలో నిలబడ్డ గాయకులకు నడుమ, ఓ మీటరు ముందు, చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టు. మైకు తప్పదంటే గిటారు మెడ మీది 12వ ఫ్రెట్ (మెట్టు) వైపు, 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టించు. గిటారు పొట్టకున్న గుండ్రటి రంధ్రానికి (సౌండ్ హోల్‌కు) ఎదురుగా పెడితే మందపు తీగలు గుమ్మని మోగి మాటల్ని మింగేస్తాయి.

అసలు తంటా శ్రుతితో. గిటారు ఆగిన చోట గొంతులు తెలియకుండానే కిందికి జారతాయి. మళ్లీ తీగ మోగగానే బండారం బయటపడుతుంది. సాధనలో ప్రతి పేజీ చివర ఆపి గిటారు స్వరంతో సరిచూడు. గిటారు లేని రోజు పియానో వాయించేవాళ్లకు, రాసినదానికంటే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద వాయించమని చెప్పు. గిటారు నొటేషన్ పద్ధతే అది. చెప్పకపోతే బాస్ వాళ్లకు ఆధారం తప్పు చోట వినబడి అలవాటైపోతుంది. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి కచేరీకి నాలుగైదు రోజుల ముందే వేయించు.

ఉచ్చారణలో మనవాళ్లకు సగం పని తక్కువ. స్పానిష్ అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉలకు దగ్గర, త-దలు మనవే. ఇంగ్లీషు అలవాటుతో 'గిటారా' అంటే ఒప్పుకోకు, 'గితార్రా' అనాలి, ర గట్టిగా అదరాలి. పాటలో వచ్చే స్పెయిన్ నది పేరు 'గ్వాదల్కివీర్'ను 'గ్వాదల్కివీరు' అని చివర ఉకారం తగిలించేవాళ్లు కూడా ఉంటారు, చెవి అక్కడుంచు.

గిటారిస్టుకు స్వరాల కాగితాలు కనీసం మూడు నెలల ముందు ఇవ్వు. తెదెస్కో పియానో మనిషి, గిటారు వాయించేవాడు కాదు. వేళ్లకు అందని చోట్లు ఎదురైతే ఏ స్వరం వదలాలో మీరిద్దరూ కూర్చుని ముందే తేల్చుకోండి. వదిలితే మధ్య స్వరాన్నే, బాస్ తీగ (మందపు తీగ) స్వరాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

మామయ్య